పిండి ప్యాకెట్ కొనాలా, రుబ్బుకోవాలా?
సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పామిడివే. గుత్తికీ అనంతపురానికీ నడుమ, పెన్న ఒడ్డున ఉన్న ఈ ఊరికి బట్టల వ్యాపారం పెద్ద ఆధారం. నైటీలు, రెడీమేడ్ దుస్తులు ఇంటి దగ్గరే కుట్టే ఆడవాళ్లు ఇక్కడ చాలామంది. అందరూ అడిగింది దాదాపు ఒకటే: అంగట్లో దొరికే తయారు సరుకుకు దుడ్లు పెట్టొచ్చా అని. ఉత్తరాలను కొంచెం కుదించాను. పేర్లు వేయడం లేదు.

*మేడంగారికి నమస్తే. నేను ఇంట్లో మిషన్ పెట్టుకుని నైటీలు కుడతా. పీసు లెక్కన ఇస్తారు. ఇడ్లీ పిండి ప్యాకెట్లు తెప్పిస్తా ఉంటే మా అత్త ‘ఇంట్లో గ్రైండర్ పెట్టుకుని దుడ్లు దండగ చేస్తావు’ అంటాది. నానబెట్టేకి, రుబ్బేకి, కడిగేకి నాకు పొద్దు చాలదు. నేను చేసేది తప్పా? - ఒక గృహిణి, పామిడి*

తప్పొప్పుల సంగతి తర్వాత. ముందు లెక్క వేద్దాం. కిలో మినప్పప్పు 130, కిలో ఇడ్లీ బియ్యం 50, కిలో పిండి ప్యాకెట్ 70 రూపాయలు అనుకుందాం. మీ అంగట్లో ధర వేరైతే ఆ అంకె వేసుకోండి, పద్ధతి మారదు. పావుకిలో పప్పు, ముప్పావుకిలో బియ్యం కలిపి 70 రూపాయలవుతుంది. గ్రైండర్ అరగంట తిరిగితే కరెంటు ఖర్చు రూపాయికి అటూ ఇటూ. దీనికి రెండుంపావు కిలోల పిండి వస్తుంది. అంతే పిండి ప్యాకెట్లలో కొంటే దాదాపు 157 రూపాయలు. తేడా 86.

సరుకు వరకే చూస్తే మీ అత్తగారి మాట నిజం. రెట్టింపు కంటే ఎక్కువే ఇస్తున్నారు. పైగా కిలో పిండిలో సగానికి పైన నీళ్లే. అయితే ఆమె లెక్కలోకి రానిది మీ గంట. పప్పు కడగడం, గ్రైండర్ దగ్గర నిలబడి పిండిని తోస్తూ నీళ్లు చిలకరించడం, తీయడం, రాయి కడగడం అన్నీ కలిపితే సుమారు గంట పడుతుంది. ఆ గంట మిషన్ మీద కూర్చుంటే 86 రూపాయలకు మించి వస్తుందా? వస్తే ప్యాకెట్ దండగ కాదు. రాకపోతే దండగే.

ఇక్కడ నిజాయితీగా చూసుకోవాల్సింది ఒకటుంది. మిగిలిన గంట నిజంగా కుట్టు మీదికే పోతోందా? దసరా, సంక్రాంతి ముందు ఆర్డర్లు మీద పడినప్పుడు పోతుంది. అప్పుడు నిక్షేపంగా కొనండి. పని సన్నగిల్లిన నెలల్లో చేతికి పని ఉండదు, పీసులు రావు. అప్పుడు రుబ్బుకోండి. ఏడాది పొడుగునా ఒకే పద్ధతి పట్టుకు కూర్చోవాలని ఎవరూ రాసిపెట్టలేదు. పొద్దంతా మిషన్ తొక్కి నడుము పట్టేసిన రోజున ఆ గంట పడుకున్నా అది దుబారా కాదు. నడుము పోతే మొత్తం రాబడే పోతుంది.

రుబ్బే రోజున ఒకేసారి ఎక్కువ రుబ్బండి. కిలో రుబ్బినా రెండు కిలోలు రుబ్బినా కడిగే పని ఒకటే. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో గ్రైండర్ కడిగే నీళ్లు కూడా ఖర్చే కదా. ఆ కడిగే పని ఇంట్లో మగవాళ్లకు అప్పగించండి. మీ గంటలో పావు వంతైనా అక్కడ మిగులుతుంది. మీ అత్తగారే రుబ్బి పెడతానంటే ఆమె గంటకూ విలువ ఉందని గుర్తుంచుకోండి. ముసలివాళ్ల చేతి పనిని సున్నా కింద వేసే లెక్క నాకు సమ్మతం కాదు.

ఎండల సంగతి. మార్చి నుంచి జూన్ దాకా మన దగ్గర పిండి రాత్రంతా బయట ఉండాల్సిన పనిలేదు, నాలుగైదు గంటల్లోనే పొంగుతుంది. ప్యాకెట్ కొంటే అంగడి ఫ్రిజ్‌లోంచి తీసింది మాత్రమే తీసుకోండి, బయట బల్ల మీద పెట్టింది వద్దు. కవరు ఉబ్బిందంటే పిండి పులుస్తోందని, అంటే ఎక్కడో చల్లదనం తప్పిందని అర్థం. కొంచెం ఉబ్బితే దోసెకు పనికొస్తుంది. గులాబీ రంగు చారలు, నల్ల చుక్కలు, కుళ్లు వాసన ఉంటే చెత్తబుట్టలో వేయండి, పైన తీసి కింద వాడొద్దు.

తయారు సరుకు కొనడం మీతో మొదలైంది కాదు. బెంగళూరులో ఎంటీఆర్ హోటలువాళ్లు ఎమర్జెన్సీ కాలంలో ధరల కట్టడి దెబ్బకు పొడి మిక్స్‌ల వైపు మళ్లారు. 2005లో అదే ఊళ్లో ఐడీ ఫ్రెష్ తడి పిండిని ప్యాకెట్లో పెట్టింది. ఉద్యోగాలకు పోయే ఇళ్లు ఉండబట్టే ఆ వ్యాపారాలు నిలబడ్డాయి. మిషన్ తొక్కే ఇల్లు కూడా ఉద్యోగపు ఇల్లే. మీరు ‘ఇంట్లోనే ఉంటారు కదా’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

*అల్లం తెల్లగడ్డ పేస్టు, సాంబారు పొడి, కొర్రల ఉప్మా మిక్స్ - అన్నీ చిన్న ప్యాకెట్లే కొంటున్నాము. నాకు షుగర్ కూడా ఉంది. ఇవి తినొచ్చా? - ఒక ఉపాధ్యాయిని, గుత్తి*

చిన్న ప్యాకెట్ చూడటానికే చవక. పాతిక గ్రాములు పది రూపాయలంటే కిలో 400 రూపాయలు పడినట్టు. ఏది కొన్నా కిలోకు ఎంత పడిందో ఒకసారి లెక్క కట్టండి, సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

మిగతా సగం కవరు వెనక వైపు తీరుతాయి. దినుసులను ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరసగా రాయాలన్నది మన దేశంలో నియమం. కొర్రల మిక్స్ అని ముందువైపు పెద్ద అక్షరాలు ఉండి, వెనక మొదటి పేరు గోధుమ రవ్వో బియ్యపు రవ్వో అయితే మీరు కొర్రల ధరకు రవ్వ కొంటున్నట్టే. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. తర్వాత సోడియం చూడండి. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ఉప్పు తగ్గించమని, అతిగా ప్రాసెస్ చేసిన తిండికి దూరంగా ఉండమని చెబుతున్నాయి.

ఉప్మా మిక్స్ నేను కొనమని చెప్పను. వేయించిన రవ్వ, పోపు, ఉప్పు తప్ప అందులో కష్టమేమీ లేదు. ఆదివారం నాడు కిలో రవ్వ దోరగా వేయించి డబ్బాలో పోసుకుంటే మీ మిక్స్ తయారు. కొర్ర రవ్వకూ అంతే. అల్లం తెల్లగడ్డ పేస్టుది వేరు సంగతి. తెల్లగడ్డ పొట్టు తీయడం నిజంగా చేతులు నొప్పెట్టే పని. ఇంట్లో ఉప్పు, కొంచెం నూనె వేసి నూరితే ఫ్రిజ్‌లో వారం పైన ఉంటుంది. అంత ఓపిక లేనప్పుడు కొనుక్కోండి, కూరలో వేసే ఉప్పు మాత్రం తగ్గించండి.

*నాది కడప. ఇక్కడ రూములో ఒక్కడినే ఉంటున్నా. రాత్రి వచ్చేసరికి తొమ్మిదవుతుంది. నూడుల్స్, లేదా వేడినీళ్లలో పెట్టి కత్తిరించుకునే కూర ప్యాకెట్. నెలల తరబడి పాడు కాని కూరలో ఏ మందు కలుపుతారో అని భయం. - ఒక ఉద్యోగి, పామిడి*

బాబూ, ఆ కూర గురించి భయం వద్దు. దాన్ని గట్టి కవరులో మూసి, ఒత్తిడి కింద సుమారు 121 డిగ్రీల వేడిలో ఉడికిస్తారు. కూరను పాడు చేసే సూక్ష్మజీవులు చస్తాయి, మూత గట్టిది కాబట్టి కొత్తవి దూరవు. అందుకే నిల్వ ఉంటుంది, అందుకోసం మందు కలపక్కర్లేదు. మన సైనికుల కోసం ఈ పద్ధతిపై పనిచేసింది 1961లో పెట్టిన మైసూరు రక్షణ ఆహార పరిశోధన సంస్థ. మీరు ఆలోచించాల్సింది ఉప్పూ నూనే ధరా గురించి. నూడుల్స్ ప్యాకెట్ మీద సోడియం 900 మిల్లీగ్రాములని ఉందంటే రెండు గ్రాములకు మించి ఉప్పు. ఒక్క పూటకు రోజు కోటాలో సగం దగ్గరికి వచ్చేశారు.

మీరు రాయలసీమవాళ్లు. ఉగ్గాని ఎలాగూ తెలుసు, కానీ రాత్రి భోజనంగా ఎప్పుడూ తలచుకుని ఉండరు. నూడుల్స్ ఉడికినంతసేపట్లో అయిపోతుంది. రెండు పెద్ద గుప్పిళ్ల బొరుగులు నీళ్లలో వేసి, మెత్తబడగానే రెండు చేతులతో గట్టిగా పిండి పక్కన పెట్టండి. ఎక్కువసేపు నానితే ముద్దవుతుంది. బాణలిలో నూనె, ఆవాలు, పచ్చిమిర్చి, ఎర్రగడ్డ, పసుపు, ఉంటే ఒక టమోటా. అందులో బొరుగులు వేసి కలిపి, దించే ముందు రెండు చెంచాల పప్పుల పొడి చల్లండి. పప్పుల పొడి చేయడానికి పొయ్యే అక్కర్లేదు. పుట్నాల పప్పులు, ఎండుమిర్చి, తెల్లగడ్డ, ఉప్పు మిక్సీలో ఒక్క తిప్పు. నిమ్మకాయ పిండుకోండి. కోడిగుడ్డు ఒకటి ఉడకబెట్టుకుంటే భోజనం నిండినట్టే. బొరుగులూ పుట్నాలూ అంగడి తయారు సరుకే. వేయించే కష్టమంతా బట్టీ వాళ్లే పడి, చవకగా అమ్ముతున్నారు. కొనదగ్గ తయారు తిండి అంటే నాకు మొదట గుర్తొచ్చేవి అవే.

రెండోది జొన్నరొట్టె. అనంతపురం వైపు రొట్టెలు కాల్చి అమ్మే ఆడవాళ్లు ఉన్నారు. నీళ్లు కాచి, పిండి ముద్ద కట్టి, అరచేత్తో తట్టి, తడిగుడ్డతో తుడిచి పెనం మీద కాల్చే విద్య అందరి చేతికీ పట్టుబడదు. మీలాంటి ఒంటరి మనిషి ఆ చేతిపనికి ఇచ్చే డబ్బు నూటికి నూరుపాళ్లూ సరైన ఖర్చు.

*ఇద్దరం కూలికి పోతాము. పొద్దున ఆరింటికే బయలుదేరాల. పిల్లోళ్లకు బిస్కెట్లో నూడుల్సో పెట్టి పోతా ఉన్నాము. బలానికని డబ్బా పొడి కూడా కొంటున్నాము, పాలల్లో కలిపి ఇచ్చేకి. వేరే దోవ ఉందా? - ఒక తల్లి, పామిడి మండలం*

అమ్మా, తెల్లారకముందే లేచి పనికి పోయే మీరు పిల్లల చేతిలో ఏదో ఒకటి పెట్టి పోతున్నారంటే అది ప్రేమే. ఆ విషయంలో మనసు కష్టపెట్టుకోవద్దు. కానీ డబ్బా పొడి మాత్రం మానేయండి. ఆ దుడ్లు పాలకో గుడ్లకో పెట్టండి. ఇలాంటి పొడులను ‘హెల్త్ డ్రింక్’ పేరుతో చూపించవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందార్లకు చెప్పింది. వాటిలో చాలావాటిలో చక్కెర ఎక్కువే.

మీ చుట్టూ దొరికే రాగులు చాలు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైన కాల్షియం ఉంది, బియ్యంలో పది దగ్గరే. 2023 మార్చిలో మన రాష్ట్రంలోని బడుల్లో రాగిజావ మొదలుపెట్టింది కూడా అందుకే. రెండు కిలోల రాగులు ఒక రాత్రి నానబెట్టి, నీళ్లు వంచి, గుడ్డలో మూట కట్టండి. ఒకటి రెండు రోజుల్లో తెల్లగా మొలక కనిపిస్తుంది. మన ఎండకు ఒక్క పగట్లో గలగలలాడేట్టు ఎండుతాయి. దోరగా వేయించి మరలో పట్టించండి. నెలకొకసారి చేసే పని ఇది. పొద్దున రెండు చెంచాల పిండి చల్లనీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోసి తిప్పితే ఐదు నిమిషాల్లో జావ. బెల్లం వేసి ఇవ్వొచ్చు, మజ్జిగా ఉప్పూ వేసి ఇవ్వొచ్చు. రాత్రి మిగిలిన సంగటి ముద్ద మజ్జిగలో పిసికి ఇచ్చినా బిస్కెట్ కంటే వెయ్యి రెట్లు నయం. నూడుల్స్ వారానికొకసారి పిల్లల సరదాకు ఉండనీయండి, రోజూ వద్దు.

*చెనక్కాయల పొడి, జొన్నరొట్టెలు చేసి అమ్ముదామని మా సంఘంలో నలుగురం అనుకుంటున్నాము. పామిడిలో కొంటారా? - ఒక పొదుపు సంఘం సభ్యురాలు*

కొంటారు. పైన రాసిన ఉత్తరాలే సాక్ష్యం. మీ ఊళ్లో మిషన్ తొక్కే ప్రతి ఇల్లూ మీకు గిరాకీయే. ఎక్కడో ప్యాక్ చేసిన పొడికి పోయే డబ్బు మీ వీధిలోనే తిరిగితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ముందు చేయించుకోండి, చిన్న వ్యాపారులకు పెద్ద ఖర్చు కాదు. మీది పట్టణం కాబట్టి పట్టణ పొదుపు సంఘాలను చూసే మెప్మా వాళ్లను కలవండి. 2020లో మొదలైన ఆహార శుద్ధి సూక్ష్మ పరిశ్రమల పథకంలో సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల దాకా మూలధనం, యూనిట్ పెడితే 35 శాతం రాయితీ ఉన్నాయి. ఇప్పుడు ఏవి ఇస్తున్నారో వాళ్లే చెబుతారు.

చెనక్కాయల విషయంలో ఒక్క జాగ్రత్త ఎంత చెప్పినా తక్కువే. కాయ ఎండే సమయంలో వాన తగిలినా, తేమగా నిల్వ చేసినా బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. కాలేయానికి చాలా చెడ్డది. వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. అందుకని వేయించకముందే వెలుతురులో పళ్లెం మీద పరిచి, ముడతలు పడ్డవి, రంగు మారినవి, బూజు పట్టినవి, పుచ్చినవి ఒక్కొక్కటిగా ఏరి పారేయండి. పొయ్యిలో వేయండి గానీ ఆవులకు పెట్టొద్దు, విషం పాలల్లోకి వస్తుంది. నూనె గింజ కాబట్టి పొడి త్వరగా కంపు కొడుతుంది. వారానికి ఎంత అమ్ముడవుతుందో అంతే కొట్టండి, కవరు మీద కొట్టిన తేదీ రాయండి.