పోలెండు పల్లెసీమలో నీటిమరలు, రైలుపట్టాలు

ఐరోపా ఖండంలోని రైలుమార్గాలను మాత్రమే చూపించే పటం ఒకటి ముందుంచుకొని అందులో పోలెండు దేశాన్ని పరిశీలించండి. పడమటి భాగంలో పట్టాలు సాలెగూడు వలె చిక్కగా అల్లుకొని ఉంటాయి. తూర్పునకు పోయినకొద్దీ ఆ అల్లిక పలుచబడి, అక్కడొక దారం ఇక్కడొక దారం మాత్రమే మిగులుతుంది. ఈ తేడాకు కొండలు గాని నదులు గాని కారణం కావు; ఆ దేశంలో అధికభాగం మైదానమే. కారణం చరిత్రలో ఉన్నది. 1772, 1793, 1795 సంవత్సరాలలో జరిగిన మూడు విభజనల ద్వారా రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యాలు పోలెండును తమలో తాము పంచుకొన్నాయి. తిరిగి 1918 వరకు స్వతంత్ర పోలెండు అనేది పటంపై లేదు. రైలుబండి పుట్టి పెరిగినది సరిగా ఆ మధ్యకాలంలోనే. కనుక పోలెండు నేలపై పట్టాలు పరచినవారు ముగ్గురు పాలకులు. ఎవరి అవసరం వారిది, ఎవరి కొలత వారిది. రాజ్యాలు పోయినా పట్టాల అల్లికలో ఆ పాత సరిహద్దు నేటికీ చెరిగిపోలేదు.

నేటి పోలెండు భూభాగంపై తొలి రైలు 1842లో వ్రోత్స్వాఫ్ నుండి సమీపంలోని ఒవావా వరకు నడిచింది. అప్పుడది ప్రష్యా ఏలుబడి. ఆ నగరాన్ని బ్రెస్లావు అనేవారు. 1845లో వార్సా–వియన్నా మార్గపు మొదటి భాగం ప్రారంభమై 1848 నాటికి ఆస్ట్రియా సరిహద్దును చేరింది. వార్సా నగరం రష్యా చక్రవర్తి అధీనంలో ఉన్నప్పటికీ ఈ మార్గాన్ని పశ్చిమ ఐరోపా కొలతలో, అనగా 1435 మిల్లీమీటర్ల గేజిలో వేశారు. 1862లో పూర్తయిన వార్సా–సెయింట్ పీటర్స్‌బర్గ్ మార్గం మాత్రం రష్యా కొలతలో, 1524 మిల్లీమీటర్లతో వచ్చింది. రెండింటికీ తేడా ఎనభైతొమ్మిది మిల్లీమీటర్లు, అంటే సుమారు అరచేతి వెడల్పు. ఆ అరచేతి వెడల్పు మూలంగా ఒక బండి మరొక పట్టాపై కదలదు. గుంతకల్లు వంటి చోట్ల మీటరు గేజి బండిలోని సరుకును దించి బ్రాడ్ గేజి బండికి ఎక్కించిన రోజులు మన పెద్దలకు జ్ఞాపకమే. కూలీల శ్రమ, కాలహరణం, పగిలిన కుండలు, చిరిగిన గోతాలు. అక్కడ దీనికి తోడు సైనికుల భయం కూడా ఉండేది. 1915లో జర్మను సైన్యాలు తూర్పునకు చొచ్చుకొనిపోతూ రష్యా పట్టాలను తమ కొలతకు జరుపుకొంటూ పోవడం ఆ అరచేతి వెడల్పు విలువను తెలుపుతుంది. 1979లో, పోలెండు స్వతంత్రమైన తరువాత కూడా, ఉక్కు కర్మాగారానికి సోవియట్ ఇనుపఖనిజం తేవడానికి తూర్పు సరిహద్దు నుండి సుమారు 400 కిలోమీటర్ల పొడవున రష్యా గేజిలోనే ఒక మార్గం వేశారు. అది ఇంకా పనిచేస్తున్నది.

అయితే పల్లెలో రైలు కొత్తది. అంతకు శతాబ్దాల ముందునుండి రైతు ఎరిగిన యంత్రం నీటిమర.

దాని పనితీరును మన తిరుగలితో పోల్చి చెప్పుకొందాం. తిరుగలిలో క్రింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది, నడుమ గింజ నలుగుతుంది. నీటిమరలోనూ అంతే. చేతిపిడికి బదులు ఏరు ఉన్నది. ఏటికి అడ్డంగా కట్ట వేసి నీటిని నిలుపుతారు. ఆ నిలిచిన నీరే మర చెరువు. తూము తలుపు ఎత్తగానే నీరు కాలువలో పరుగెత్తి కొయ్యచక్రాన్ని తిప్పుతుంది. చక్రం మెల్లగా తిరుగుతుంది, రాయి వడిగా తిరగాలి. కనుక చక్రపు ఇరుసుకు లోపల పళ్ళున్న మరొక పెద్ద చక్రాన్ని బిగించి, దానితో చిన్న పళ్ళచక్రాన్ని తిప్పించి వేగం పెంచుతారు. నీరు తక్కువ ఎత్తునుండి పారే మైదానంలో చక్రపు అడుగును నీరు తన్నుతుంది. దక్షిణాన కొండప్రాంతాలలో నీటిని దోనెతో పైకి తెచ్చి చక్రపు నెత్తిమీది తొట్లలో పోస్తారు. అప్పుడు చక్రాన్ని త్రిప్పేది నీటి పరుగు కాదు, నీటి బరువు. ఈ రెండవ పద్ధతిలో శక్తి దాదాపు రెండింతలు దక్కుతుందని ఆంగ్ల ఇంజనీరు జాన్ స్మీటన్ 1759లో ప్రయోగపూర్వకంగా నిరూపించాడు.

పట్టణానికి చెందినదైనా గ్దాన్స్క్ నగరంలోని పెద్దమరను ఇక్కడ తలచుకోకుండా ఉండలేము. ట్యుటానిక్ వీరసంఘం వారు 1350 ప్రాంతంలో రాదున్యా కాలువపై దీనిని కట్టారు. పద్దెనిమిది చక్రాలు! మధ్యయుగపు ఐరోపాలో ఇది మహాకర్మాగారం. 1945లో యుద్ధజ్వాలలలో కాలిపోయేవరకు అది పిండి విసురుతూనే ఉండినది.

పల్లెమర ఇంత ఘనమైనది కాదు. ఒక చక్రం, ఒకటి రెండు జతల రాళ్ళు, పైన పెంకులో చెక్కపలకలో కప్పిన ఇల్లు. కాని ఊరి బ్రతుకు మీద దాని పట్టు గట్టిది. ఏటినీటిపై హక్కు జమీందారుదో మఠానిదో. రైతు తన గింజను ఆ మరలోనే విసిరించుకోవాలన్న నిర్బంధం ఉండేది. కూలి డబ్బు రూపంలో కాదు. గింజలో ఇంత కొలత మరవాడు తీసుకొనేవాడు. కొలపాత్ర మరవాడి చేతిలోనిదే కనుక తగాదాలు ఎప్పుడూ ఉండేవి. మరవాడూ పూర్తిగా స్వతంత్రుడు కాడు. జమీందారు పందులను తవుడుతో మేపి బలిపించి ఇవ్వడం, ఆయన ఇంటి వడ్రంగం పనులు చేసిపెట్టడం వంటి విధులు అతనిపై ఉండేవి. రైతుల వెట్టి ఆస్ట్రియా భాగంలో 1848లోను, రష్యా భాగంలో 1864లోను రద్దయిన తరువాతనే ఈ సంబంధాలు క్రమంగా సడలాయి.

మర ఎవరి చేతిలో ఉంటే ఊరి అన్నం వారి చేతిలో ఉన్నట్లే అన్న మాట రెండవ ప్రపంచయుద్ధంలో మరింత దారుణంగా ఋజువైనది. జర్మను ఆక్రమణదారులు రైతులు బలవంతంగా అప్పగించవలసిన ధాన్యానికి పరిమాణం నిర్ణయించారు. మరలపై నిఘా పెట్టారు, కొన్నింటికి సీళ్ళు వేశారు. ఇళ్ళలోని చేతితిరుగళ్ళను సైతం జప్తు చేశారు. దొంగచాటుగా విసరడం శిక్షింపదగిన నేరమైనది. అయినా పల్లెల్లో రాత్రివేళ కొట్టాలలో, నేలమాళిగలలో తిరుగళ్ళు తిరిగాయి. మా దాదీ విసిరిన తిరుగలి ఇప్పటికీ మా ఇంటి పెరటిలో ఒక మూలన పడి ఉన్నది; దానిని నేరానికి సాక్ష్యంగా ఎవరైనా ఎత్తుకొనిపోగలరని ఈ చరిత్ర చదివేవరకు నాకు తోచలేదు.

సాహిత్య విద్యార్థులకు ఈ రెండు యంత్రాలను ఒక్కచోట చూపగల రచయిత వ్లాదిస్లావ్ రేమోంట్. 1924లో నోబెల్ బహుమానం పొందిన ఈయన యౌవనంలో వార్సా–వియన్నా రైల్వేలో చిరుద్యోగి. ఆ ఉద్యోగరీత్యా లిప్ట్సె అనే పల్లె పరిసరాలలో కాపురమున్నాడు. 1904–1909 మధ్య నాలుగు సంపుటాలుగా వెలువడిన ఆయన మహానవల ‘ఖ్వొపి’కి, అనగా ‘రైతులు’కు, రంగస్థలం ఆ పల్లెయే. శరత్తు, శిశిరం, వసంతం, గ్రీష్మం అని ఋతువుల పేర సంపుటాలు. అందులోని ఊరికి చెరువూ మరా ప్రాణస్థానాలు. మరయజమాని డబ్బున్నవాడు, అప్పులిచ్చేవాడు, రైతులకు అతనితో పని తప్పదు, అతనిపై నమ్మకమూ ఉండదు. ఇక రైలు సంగతి. 1900లో రేమోంట్ రైలు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. నష్టపరిహారంగా వచ్చిన పెద్దమొత్తం ఆయనకు జీవనభృతి చింత లేకుండా వ్రాసుకొనే వెసులుబాటును ఇచ్చింది. రైల్వే ఉద్యోగం ఆయనకు పల్లెను చూపింది, రైలు ప్రమాదం ఆ పల్లెను గురించి వ్రాసే తీరికనిచ్చింది! లిప్ట్సె పేరుకు నేడు రేమోంట్ పేరు జోడించి పిలుస్తున్నారు. ఆ రైలుమార్గం దాని ప్రక్కగానే పోతున్నది.

మరను దెబ్బతీసినది కూడా రైలే. గింజ ఏటి ఒడ్డునే పిండి కావలసిన అవసరం తీరిపోయింది. రైలుపెట్టెలలో గింజ పట్టణానికి పోతే అక్కడ ఆవిరితో తిరిగే ఉక్కు రోలర్ల మరలు తెల్లని పిండిని తక్కువ ధరకు ఇవ్వసాగాయి. పల్లెమరలు బ్రతకడానికి తామూ మారాయి. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అనేకచోట్ల కొయ్యచక్రాన్ని తీసివేసి నేల క్రింద టర్బైను అమర్చారు. అందుచేత నేడు పాతమరలను చూడబోయేవారిలో పలువురు చక్రం కనబడక నిరాశపడతారు. అది మరకు జరిగిన అపచారం కాదు. అది బ్రతకడానికి చేసిన ప్రయత్నం. ఆ టర్బైను కూడా చరిత్రే అని నా అభిప్రాయం.

రైలు పల్లె లోపలికి వచ్చినది చిన్నగేజి రూపంలో. దీనికి ముఖ్యకారణం పంచదార దుంప. దుంప నుండి చక్కెర తీసే ప్రపంచపు తొలి కర్మాగారం 1801లో సైలీషియాలోని కూనెర్న్ అనే పల్లెలో వెలసింది. నేడు అది పోలెండులోని కోనారి. దుంప బరువైనది, తడిసినది, శరత్కాలపు బురదలో త్రవ్వవలసినది, త్వరగా కర్మాగారానికి చేర్చకపోతే తీపి తగ్గిపోయేది. ఆ బురదదారులలో గుర్రపుబండి దిగబడుతుంది. పొలాల నడుమ సన్నని పట్టాలు పరిస్తే పని సులువు. జ్నిన్ పట్టణంలో చక్కెర కర్మాగారమూ దానితోపాటు 600 మిల్లీమీటర్ల గేజి రైలూ 1894లోనే వచ్చాయి. మన గజంకోలకన్నా సన్నని దారి! కర్మాగారం 2004లో మూతబడింది. దాని భవనాలు ఇప్పుడు విహారయాత్రికుల వసతిగృహం. చిన్నరైలు మాత్రం యాత్రికులను వెనెట్సియా అనే పల్లెలోని చిన్నరైళ్ళ మ్యూజియానికీ, దాని తరువాత వచ్చే బిస్కుపిన్ కోటపల్లెకూ చేరుస్తుంది. సుమారు 2700 ఏళ్ళనాటి ఆ కొయ్యకోటను 1933లో సరస్సు నీటిలో నిలిచిన మొద్దులను బట్టి గుర్తించినది ఒక స్థానిక పాఠశాల ఉపాధ్యాయుడు అన్న సంగతి మనవంటివారికి ఉత్సాహం కలిగించేది.

యుద్ధానంతరం రెండింటికీ కష్టకాలమే. 1946 జాతీయీకరణ చట్టం రోజుకు పదిహేను టన్నులకు మించి విసరగల మరలను ప్రభుత్వపరం చేసింది. చిన్నమరలు పన్నులకూ సహకార సంఘాల పోటీకీ లొంగిపోయాయి. 1989 తరువాత మార్కెటు వ్యవస్థలో నష్టాల పేరిట రైలుమార్గాలు మూతబడ్డాయి. 2001లో ప్రభుత్వ రైల్వే చిన్నగేజి బండ్లను పూర్తిగా వదలుకొన్నది. స్థానిక పాలకమండళ్ళూ, స్వచ్ఛంద సంఘాలూ వాటిలో కొన్నింటిని అందుకొన్నాయి. అందుకొనలేనివి పాత ఇనుమైపోయాయి.

ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉన్నది. 1945లో పోలెండు సరిహద్దులు పడమటికి జరిగాయి. పడమట, ఉత్తరాన ఉన్న జర్మను జనం వెళ్ళగొట్టబడ్డారు. తూర్పున సోవియట్ పరమైన భూముల నుండి వచ్చిన పోలిష్ కుటుంబాలు ఆ ఇళ్ళలో, ఆ మరలలో ప్రవేశించాయి. తాము కట్టనిదాన్ని, ఒకప్పటి శత్రువు కట్టినదాన్ని వారసత్వమని ఎందుకు కాపాడాలి? ఈశాన్యమూలన స్టాంచికి వద్ద రెండు జంట వంతెనలు ఈ ప్రశ్నకు ప్రతిరూపాలు. ముప్పై ఆరు మీటర్ల ఎత్తున, రోమనుల జలసేతువులను తలపించే కమానులతో జర్మనుల కాలంలో కట్టినవి. 1945లో సోవియట్ సైన్యం పట్టాలను పెరికి తీసుకొనిపోయింది. అప్పటినుండి ఆ వంతెనలపై రైలు నడవలేదు. చూడ వచ్చేవారు వాటి అందానికి ముగ్ధులై ఛాయాచిత్రాలు తీసుకొంటారు. వంతెన నిలిచినది, దాని పని పోయినది.

వోల్ష్టిన్ లోకో షెడ్డు కథ మరొక రకం. 1907లో ప్రష్యా కాలంలో కట్టిన అర్ధవృత్తాకారపు షెడ్డు, ముందు ఇంజన్లను త్రిప్పే టర్న్ టేబుల్. ఐరోపా అంతటా ఆవిరి ఇంజన్లు మ్యూజియాలకు చేరిన తరువాత కూడా ఇక్కడినుండి పోజ్నాన్, లెష్నో పట్టణాలకు మామూలు టిక్కెట్టు కొన్న ప్రయాణికులను అవి మోసుకొనిపోతుండేవి. వాటి పేర్లలోనే ఒక పాఠమున్నది. ‘ఓఎల్ 49’ అంటే ‘ఓ’ ప్యాసింజరు బండికి గుర్తు, ‘ఎల్’ చక్రాల అమరికకు, 49 నమూనా రూపొందిన సంవత్సరానికి. 1997 నుండి బ్రిటన్ దేశపు ఔత్సాహికులు రుసుము చెల్లించి ఇక్కడ ఇంజను నడపడం నేర్చుకొనే ఏర్పాటు జరిగింది. ఆ సొమ్ము ఇంజన్ల ఖర్చుకు ఊతమైనది. 2014 మార్చి నెలాఖరున రోజువారీ ఆవిరి సర్వీసులు ఆగిపోయాయి. ప్రాంతీయ ప్రభుత్వం, రైల్వే సంస్థ, స్థానిక మండళ్ళు కలిసి షెడ్డును ఒక సాంస్కృతిక సంస్థగా మార్చిన పిమ్మట 2017లో అవి తిరిగి మొదలయ్యాయి. బాయిలరును శుభ్రపరచడం, గొట్టాలు మార్చడం, మంట పోయడం తెలిసిన పనివాడు ఉండాలంటే ఇంజను నడవాలి. అద్దాల వెనుక నిలిపిన ఇంజను పనివాడిని తయారు చేయలేదు.

నీటిమరకు ఈ మార్గం అంత సులభం కాదు. మర తిరగాలంటే కట్ట ఉండాలి. కట్ట ఉంటే సముద్రం నుండి ఏటికి ఎదురీదివచ్చే చేపలకు అడ్డు. ఐరోపా సమాఖ్య 2000లో చేసిన నీటి చట్టం నదులు సహజంగా పారాలని కోరుతుంది. 2004లో సమాఖ్యలో చేరిన పోలెండుకూ అది వర్తిస్తుంది. కట్టను కూల్చితే మర చెరువు ఎండుతుంది, చుట్టుపట్ల పచ్చికబయళ్ళలో భూగర్భజలం దిగజారుతుంది. కొందరు పాతమరలలో చిన్న విద్యుత్కేంద్రాలు నెలకొల్పి తూములను కాపాడుకొంటున్నారు. కొన్నిచోట్ల కట్ట ప్రక్కనే చేపలకు మెట్లకాలువలు కట్టారు. మరను పల్లెనుండి పెకలించి బహిరంగ మ్యూజియంలో తిరిగి నిలబెట్టడం మూడవ పద్ధతి. అలా తెచ్చిన మరలలో చక్రమూ రాళ్ళూ యథాతథంగా ఉంటాయి. ఏరు మాత్రం పాత ఊరిలోనే పారుతుంటుంది.