ఇంజనుకు పెట్రోలు కొలిచి యిచ్చు కంప్యూటరు



ఇదివరకు మన మైలవరము, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములలో కారు మొరాయించినచో మెకానిక్కు కార్బురేటరు స్క్రూను కొంచెము త్రిప్పి, చెవియొగ్గి విని సరిచేసెడివాడు. ఇప్పటి కార్లలో ఆ స్క్రూ లేదు. 2020 ఏప్రిల్ 1వ తేదీన భారత్ స్టేజి ఆరు పొగ నిబంధనలు వచ్చిన పిమ్మట క్రొత్త మోటారు సైకిళ్లలో సైతము కార్బురేటరు అరుదైనది. దాని స్థానమున కంప్యూటరు ఆజ్ఞచే పెట్రోలు చిమ్ము ఇంజెక్టరు వచ్చినది. దీని పని యెరుగనివారు రిపేర్లకు వృథాగా డబ్బు పోగొట్టుకొనుచున్నారు.

పెట్రోలు గాలితో కలిసినగాని మండదు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. పెట్రోలు ఎక్కువైన నల్లని పొగ, మైలేజీ నష్టము. తక్కువైన ఇంజను బలము తగ్గి కొట్టుకొనును. కావున కొలతయే ముఖ్యము.

కార్బురేటరులో గాలి ఇరుకు దారిని వేగముగా పోవుచు సన్నని రంధ్రమునుండి పెట్రోలును పీల్చుకొనును. ఇది మనిషి లేని తూమువంటిది. క్రొత్త పద్ధతి సాగరు కాలువ తూమువద్ద తెలివిగల లస్కరును ఉంచుటవంటిది. ఇంజెక్టరు తూము; కంప్యూటరు లస్కరు. పంపు పెట్రోలును నియమిత ఒత్తిడితో ఇంజెక్టరునకు అందించును. తూము ఎంతసేపు తెరచియుండునో అంత పెట్రోలు పోవును. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క సిలిండరునకు సెకనుకు 25 మార్లు పెట్రోలు కావలెను. ప్రతిమారును ఇంజెక్టరు సెకనులో కొన్ని వేయవ వంతులు మాత్రమే తెరచుకొనును.

ఎంతసేపు తెరువవలెనో కంప్యూటరునకు సెన్సారులు తెలుపును. లోనికి వచ్చు గాలి ఎంత, ఇంజను వేడి ఎంత, చుట్ల వేగమెంత, డ్రైవరు యాక్సిలరేటరును ఎంత త్రొక్కెను అను సంగతులు క్షణక్షణము అందుచుండును. అంతటితో ఆగదు. మడి చివరకు పోయి నీరు అందినదో లేదో చూచివచ్చి తూము సవరించు రైతువలె, పొగగొట్టమునందలి ఆక్సిజన్ సెన్సారు మిగిలిన ప్రాణవాయువును చూచి కబురు చెప్పును. కంప్యూటరు దానినిబట్టి మరుసటి కొలతను దిద్దుకొనును.

ఇక యజమానులు పాటింపవలసినవి:

1. మీటర్లవద్ద ఇంజను బొమ్మగల దీపము వెలిగినచో, ఏ భాగమైనను మార్చుటకు ముందు స్కానరుతో కోడు చదివింపుడు. కోడు ఏ కొలత తప్పినదో చెప్పును గాని ఏ భాగము కొనవలెనో చెప్పదు. ఎలుక కొరికిన వైరుకు సెన్సారు మార్చినచో ఖర్చే మిగులును. దీపము మినుకుమినుకుమనిన బండిని వెంటనే ఆపవలెను.

2. పంపు సాధారణముగా ట్యాంకులోనే యుండి పెట్రోలువలననే చల్లబడును. కావున ట్యాంకును అడుగంట నడపరాదు.

3. బండికి వెల్డింగు చేయించునపుడు బ్యాటరీ తీగలను విప్పింపవలెను. లేనిచో కంప్యూటరు కాలిపోవచ్చును.

4. 2024 సెప్టెంబరులో మన మైలవరము కొండల నీటిని మోసికొనిపోవు బుడమేరు పొంగి విజయవాడలో అనేక వాహనములను ముంచినది. అట్లు నీట మునిగిన బండికి తాళము త్రిప్పరాదు. బ్యాటరీ విప్పించి వర్కుషాపునకు లాగించుకొని పోవలెను. సిలిండరులో నీరుండగా త్రిప్పినచో రాడ్లు వంగును. తడిసిన కంప్యూటరునకు కరెంటు తగిలిన అదియు చెడును.

2023 జనవరినుండి 50 గుర్రపుశక్తికి మించిన ట్రాక్టర్లకును కఠినమైన పొగ నిబంధనలు వచ్చుటచే, పెక్కింటిలో డీసెలును కంప్యూటరే కొలుచుచున్నది. ఆ గొట్టములలో ఒత్తిడి మిక్కిలి హెచ్చు. ఇంజను నడుచుచుండగా వానిని విప్పిన డీసెలు చర్మమును చీల్చుకొని పోవును. కావున ఆ పనిని నేర్చినవారికే అప్పగింపుడు.