సిర్కా ద్రావకము – గిడ్డంగిలో దాని నడవడి

సిర్కా యనగానే మన సభ్యులలో ననేకులు వంటింటి పుల్లని వస్తువని తేలికగా తలంతురు. వంటింటి సిర్కాలో పులుపునిచ్చు సారము నూటికి నాలుగైదు పాళ్లు మాత్రమే, తక్కినది నీరు. ఆ సారమే కర్మాగారములలో వేఱుగా తయారై, నూటికి తొంబదితొమ్మిది పాళ్లకు మించిన చిక్కదనముతో పీపాలలో వచ్చుచున్నది. దానికి ఎసిటిక్ ద్రావకమని పేరు. పచ్చళ్లు చేయు మహిళా సంఘములును, పట్టునకు ఉన్నికి రంగులద్దువారును దీనిని కొందురు. పేరు ఒక్కటే యని రెంటిని ఒక్కటిగా భావించుటయే మొదటి ప్రమాదము. చిక్కని ద్రావకము చర్మమును కాల్చును, కంటిచూపును హరించును, నిప్పు తగిలిన మండును.

మన వికారాబాదు, తాండూరు ప్రాంతముల వారు దీనిని గుఱించి విశేషముగా తెలిసికొనవలసిన సంగతి యొకటి గలదు. ఈ ద్రావకము 16.6 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి దిగువను మంచువలె గడ్డకట్టును. దాదాపు 39 డిగ్రీల యొద్ద దాని యావిరి, నిప్పురవ్వ సోకినచో, గుప్పున నంటుకొనును. అనంతగిరి కొండల చెంత పుష్యమాసపు రాత్రులలో చలి పదునాఱు డిగ్రీలకు దిగుట అరుదు గాదు. తాండూరులో వైశాఖపు టెండ నలుబది డిగ్రీలు దాటుటయు అరుదు గాదు. కావున ఒకే గదిలోని ఒకే పీపా చలికాలమున ఱాయియై, వేసవిని అగ్గికి సిద్ధమై యుండును. చల్లని దేశములకు వ్రాసిన సూచనలను చదివి ఇచ్చట ధైర్యము చెప్పుకొనరాదు.

గడ్డకట్టిన పీపాను చూచి తొందరపడి పొయ్యిప్రక్కను పెట్టువారు గలరు. ఇంతకంటె తెలివిమాలిన పని లేదు. నిప్పునకు దూరముగా, గాలి వచ్చు చోట, మూతను కొంచెము వదులుచేసి, గోరువెచ్చని నీటితొట్టిలో నిలిపిన చాలును, నెమ్మదిగా కరగును. సగము కరగినప్పుడు పై ద్రవమును వంచుకొనరాదు. గడ్డయందును ద్రవమునందును చిక్కదనము సమముగా నుండదు గనుక కొలత తప్పును. అంతయు కరగిన పిమ్మటనే వాడవలెను.

వేసవి సంగతి వేఱు. దీని యావిరి గాలికంటె రెండింతలు బరువైనది. పైకి పోక నేలబారున ప్రాకి దూరముననున్న పొయ్యిని చేరగలదు. కావున ద్రావకమున్న గదిలో బీడీ, దీపము, విద్యుత్ మోటారు ఉండరాదు. రేకుల కప్పు క్రింద నిలువచేయుటకంటె చెట్టునీడనున్న పెంకుటిల్లు మేలు. ఇనుప రేకు డబ్బాలలోను, జింకు పూసిన బకెట్లలోను, ఇత్తడి పాత్రలలోను పోయరాదు. ఇది లోహమును తినివేయును. ఇనుము, జింకులను తాకినపుడు మండు వాయువు పుట్టును. గాజు, లేదా కర్మాగారమునుండి వచ్చిన మందపు ప్లాస్టిక్ పీపాయే తగినది. త్రాగునీటి సీసాలో పోసి యింటికి పంపుట ఎన్నడును కూడదు. బిడ్డ దాహమై యెత్తి త్రాగినచో మనము చేయగలది స్వల్పము.

కందులు నిలువచేయు గిడ్డంగిలో దీనిని చేర్చనే కూడదు. పురుగులకై పెట్టు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలకు ద్రావకము తగిలిన ప్రాణాంతకమగు వాయువు వెలువడును. బ్లీచింగు పొడికి తగిలిన క్లోరిను వచ్చును. అమ్మోనియం నైట్రేటు వంటి ఎరువులును దీనికి పొత్తు గావు.

ఇక మన నాపరాతి నేల. ఒక సంఘపు గదిలో తాండూరు బండలపై అరచేయంత గరుకు పల్లములను నేను చూచితిని. పీపా మూత కారిన చోటులవి. ఈ ఱాయి సున్నపురాతి జాతిది. ద్రావకము తగిలిన చోట కరగును. ఱాతికే ఇట్లయిన చర్మము మాట చెప్పనేల? అయితే ఈ గుణమే మనకు రక్షణయు నగును. కోతయంత్రముల యొద్ద వృథాగా పడియుండు నాపరాతి పొడిని ఎండబెట్టి, ఒక సంచెడు ద్రావకపు గది గుమ్మమున నుంచుకొనవలెను. ఒక కిలో ద్రావకమును చంపుటకు, ఱాయి శుద్ధమైన దైనచో, సుమారు 830 గ్రాముల పొడి కావలయును; మన ఱాతిలో మట్టి మలినములుండును గనుక రెండింతలు వాడుడు. ఒలికినపుడు చుట్టును ఇసుకతో గట్టు వేసి, తలుపులన్నియు తెఱచి, అంచులనుండి లోనికి కొద్దికొద్దిగా చల్లవలెను. నురుగు ఆగువఱకు వేచి పిమ్మట నీళ్లతో కడుగుడు. కాల్చిన సున్నము మాత్రము చల్లరాదు, మిక్కిలి వేడి పుట్టును. ఱంపపుపొట్టును వాడరాదు, అది యంటుకొనును.

పలుచన చేయునపుడు నీటిలోనికి ద్రావకమును సన్నని ధారగా పోయవలెను. ద్రావకములోనికి నీరు పోయరాదు. మందపు రబ్బరు చేతితొడుగులు, కండ్లను చుట్టును మూయు అద్దములు ధరింపక మూత తీయరాదు. పచ్చళ్లకు ఆహారయోగ్యమని ముద్రగల సరకు తప్ప రంగులవారి సరకు పనికిరాదు.

ఒంటిపై పడినచో తడిసిన బట్టలు వెంటనే విడిచి, పావుగంటకు తక్కువ గాకుండ ధారగా నీళ్లు పోయుడు. మొదట మంట తెలియకపోయినను మానరాదు. బొబ్బలు కొన్ని గంటల తరువాత లేచుట గలదు. పసుపు, సిరా, సున్నపుతేట పూయరాదు. కంటిలో పడినచో ఱెప్పలు విప్పి పట్టి అంతసేపును కడుగుచు, పిమ్మట వైద్యశాలకు పోవలెను. మ్రింగినవారికి వాంతి చేయింపరాదు. లోనికి పోవునపుడు కాల్చినది తిరిగి వచ్చునపుడు మఱల కాల్చును. సోడాపిండిని త్రాగింపరాదు. నోరు పుక్కిలింపజేసి 108 బండికి కబురుచేసి, పీపాపైని చీటీని చదివి వైద్యునకు చెప్పవలెను. ఆ చీటీ చినిగినచో తెలుగున పెద్ద అక్షరములతో మఱొకటి వ్రాసి అంటించు పని గిడ్డంగి గుమాస్తాది.