రోజ్‌మేరీ – దాని ఔషధ గుణములు

ఓషధులను గూర్చి మన పెద్దలకు గల పరిచయము తక్కువది కాదు. తులసి, వాము, శొంఠి, పసుపు – వీనిని వాడని తెలుగు ఇల్లు ఏ రాష్ట్రమందైనను అరుదు. ఏ దినుసు ఎంత వాడవలెనో, ఎవరికి ఈయరాదో తల్లి కూతురికి, అత్త కోడలికి చెప్పుచు వచ్చిరి. ఆ కొలత తరముల అనుభవమువలన కలిగినది. ఇటీవల కొన్ని సంవత్సరములుగా రోజ్‌మేరీ యను పరదేశపు మొక్క ఆకుగాను, పొడిగాను, తైలముగాను మన యిండ్లలోనికి వచ్చుచున్నది. మొక్క వచ్చినది గాని, దానితో కూడ రావలసిన కొలత రాలేదు. వెండ్రుకలు పెరుగుననియు, పిల్లలకు జ్ఞాపకశక్తి హెచ్చుననియు విని, చిన్న సీసా చేతబట్టుకొని వచ్చి, "అయ్యా, దీనిని పాలలో వేసి పిల్లవానికి ఈయవచ్చునా?" అని మమ్మడుగు తల్లిదండ్రులు కలరు. వారికి ఇచ్చు సమాధానము అందరికిని పనికివచ్చునని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొక్క – దాని పేరు

రోజ్‌మేరీ జన్మస్థానము మధ్యధరా సముద్ర తీరము. ఇటలీ, స్పెయిన్, గ్రీసు దేశములలోను, ఉత్తర ఆఫ్రికా తీరమందును రాతి కొండల మీద తనంత తాను పెరుగును. పేరు విని గులాబీ జాతియని భ్రమపడుట కలదు. అది సరికాదు. లాటిను భాషలో 'రోస్' అనగా మంచు బిందువు, 'మరీనస్' అనగా సముద్రమునకు సంబంధించినది. సముద్రపు మంచు అని దాని భావము. మన వాడుకలో దీనికి వేరొక తెలుగు పేరు స్థిరపడలేదు గనుక రోజ్‌మేరీ యనియే వ్యవహరింతము.

ఇది మూడు నాలుగు అడుగుల యెత్తు పెరిగి, ఏడాది పొడుగున పచ్చగా నుండు పొద. ఆకులు సూదులవలె సన్ననివి. పైభాగము ముదురు పచ్చగాను, క్రిందిభాగము తెల్లని నూగుతోను ఉండును. ఆకు అంచులు లోపలికి ముడుచుకొని యుండును. మధ్యధరా ప్రాంతమున వేసవియందు వానలుండవు గనుక, ఆకులోని తేమ ఆవిరియై పోకుండ ఈ యేర్పాటు తోడ్పడును. పువ్వులు లేత నీలివర్ణము గలవి.

తులసి, పుదీన, మరువము, తుమ్మి, తమిళులు కర్పూరవల్లి యనెడు వామాకు – ఇవి యన్నియు రోజ్‌మేరీతో ఒకే కుటుంబమునకు చెందినవి. లేత తులసి కాడను వ్రేళ్ల నడుమ త్రిప్పి చూచినచో గుండ్రముగా గాక నాలుగు పలకలుగా నుండుట తెలియును. ఆకులు జంటలు జంటలుగా ఎదురెదురుగా పుట్టును. నలిపిన వెంటనే సువాసన వచ్చును. ఈ లక్షణములు రోజ్‌మేరీయందును కలవు. కావున ఇది పేరుకు పరదేశియైనను మన తులసికి దూరపు చుట్టమే.

1753లో లిన్నేయస్ అను శాస్త్రజ్ఞుడు దీనికి 'రోస్మరీనస్ అఫిసినాలిస్' అని పేరు పెట్టెను. రెండవ మాటకు ఔషధములు నిలువచేయు కొట్టునకు సంబంధించినదని యర్థము. 2017లో వృక్షశాస్త్రజ్ఞులు దీనిని 'సాల్వియా' అను ప్రజాతిలో చేర్చి 'సాల్వియా రోస్మరీనస్' అనిరి. సీసాలమీద పాతపేరు, క్రొత్తపేరు రెండును కనబడును; మొక్క ఒక్కటియే.

ప్రాచీనుల నమ్మకము

క్రీ.శ. 1వ శతాబ్దమున డయోస్కోరైడీసు అను గ్రీకు వైద్యుడు రచించిన ఓషధీ గ్రంథమున ఈ మొక్క ప్రస్తావన కలదు. ఐరోపా వాసులు దీనిని స్మృతికి చిహ్నముగా ఎంచిరి. షేక్స్పియరు 'హామ్లెట్' నాటకమున ఒఫీలియా యను పాత్ర జ్ఞాపకార్థముగా ఈ కొమ్మనే ఇచ్చును. 1915లో గల్లిపోలీ యుద్ధమున మరణించిన సైనికులను తలచుకొనుచు ఆస్ట్రేలియా వాసులు నేటికిని ఏప్రిల్ 25వ తేదీన రోజ్‌మేరీ రెమ్మను రొమ్మున ధరింతురు. ఆ గల్లిపోలీ కొండలమీద ఈ మొక్క విరివిగా పెరుగును. జ్ఞాపకమునకు గుర్తుగా ధరించుట యొకటి, జ్ఞాపకశక్తిని పెంచు మందుగా సేవించుట మరియొకటి. ఈ రెంటిని కలిపివేయుటవలననే అనేక అపోహలు పుట్టినవి.

ఆకులో నేమున్నది?

ఆకులోని పదార్థములను రెండు తెగలుగా తెలిసికొనవచ్చును. మొదటిది సువాసన గల తైలము. దీనిలో సినియోల్, కర్పూరము, పైనీన్ అనునవి ముఖ్యములు. మనమెరిగిన నీలగిరి తైలమందు ప్రధానముగా నుండునది ఈ సినియోలే. రెండవ తెగ వాసనలేనివి: కార్నోసిక్ ఆమ్లము, రోస్మరినిక్ ఆమ్లము మొదలగునవి. 1958లో రోజ్‌మేరీ ఆకునుండి మొదట వేరుచేయబడినందుననే రోస్మరినిక్ ఆమ్లమునకు ఆ పేరు వచ్చినది. నూనెలు, క్రొవ్వులు గాలి తగిలి చెడువాసన పట్టకుండ ఈ తెగ పదార్థములు కాపాడును. ఈ గుణమును పరిశీలించియే ఐరోపా సమాఖ్య 2010లో రోజ్‌మేరీ సారమును ఆహార పదార్థములు నిలువయుండుటకు వాడుటకై అనుమతించెను. పొట్లాములమీద ఇ-392 అని వ్రాయునది ఇదియే.

ఉపయోగములు

మొదటి యుపయోగము వంటకే. ఉడికించిన బంగాళాదుంపలు, రొట్టెలు, మాంసపు వంటకములలో చిటికెడు ఎండుటాకు చాలును. ఎక్కువ వేసినచో చేదెక్కును. వంటలో వాడు కొలత ఆరోగ్యవంతులకు హానిచేయదు.

రెండవది జీర్ణమునకు. ఐరోపా ఔషధ సంస్థవారు చిరకాలపు వాడుకను ఆధారముగా గొని, కడుపుబ్బరము, అజీర్ణము, స్వల్పమైన కడుపు పట్టు – వీనికి రోజ్‌మేరీ ఆకును అంగీకరించిరి. 1 లేక 2 గ్రాముల ఎండుటాకును 150 మిల్లీలీటర్ల మరిగిన నీటిలో వేసి, మూతపెట్టి, కొంతసేపటికి వడకట్టి త్రాగవలెను. రోజునకు రెండు మూడు సార్లు చాలును. ఇది పెద్దలకును, 12 ఏండ్లు దాటిన వారికిని మాత్రమే. అంతకు చిన్నవారికి సలహా యీయబడలేదు. మన యింట వాము, జీలకర్ర ఉండగా దీనికొరకు డబ్బు ఖర్చు చేయనక్కరలేదని మా యభిప్రాయము.

మూడవది పైపూతకు. అలసిన కండరములకు, కీళ్ల స్వల్పపు నొప్పులకు, రోజ్‌మేరీ తైలమును వేరొక నూనెలో పలుచన చేసి మర్దించుట వాడుకలో నున్నది. కొంత ఉపశమనము కలుగును. కీలు వాచి యెర్రబడినను, జ్వరము తోడైనను వైద్యునికి చూపవలెనే గాని మర్దనతో కాలహరణము చేయరాదు.

నాలుగవది వెండ్రుకలకు. నేడు ఎక్కువగా ప్రచారమునందున్నది ఇదియే. 2015లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో బట్టతల మొదలైన 100 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజ్‌మేరీ తైలమును, రెండవ జట్టుకు మినాక్సిడిల్ అను మందును 2 శాతము పాళ్లలో ఇచ్చిరి. మూడు నెలలకు ఏ జట్టునందును చెప్పుకోదగిన మార్పు లేదు. ఆరు నెలలకు రెండు జట్లలోను వెండ్రుకల సంఖ్య కొంత పెరిగెను. రెండింటి నడుమ పెద్ద భేదము లేదు. ఇది ఆశ కలిగించు ఫలితమే. కాని ఏ మందును పూయని మూడవ జట్టు లేనందునను, పాల్గొన్నవారు కొద్దిమందియే యగుటచేతను, ఒక్క పరీక్షతో నిశ్చయింపరాదు. మరియు ఆడపిల్లలకు వెండ్రుకలు రాలుటకు రక్తహీనత, థైరాయిడు గ్రంథి దోషము, జ్వరములు మొదలగు కారణములుండును. వానిని తైలము తీర్చదు. పూయదలచినవారు ఒక టీ చెంచా కొబ్బరినూనెకు రెండు చుక్కలకు మించకుండ కలిపి, ముందురోజు ముంజేతిపై కొద్దిగా రాచి, దురద గాని మంట గాని లేదని తెలిసికొన్న పిమ్మటనే తలకు వాడవలెను.

జ్ఞాపకశక్తి మాట

ఇక తల్లిదండ్రులు మమ్ము ముఖ్యముగా అడుగు ప్రశ్న. 2003లో ఇంగ్లండునందు 144 మంది పాల్గొన్న ఒక పరీక్షలో, రోజ్‌మేరీ వాసనగల గదిలో కూర్చున్నవారి జ్ఞాపకము నాణ్యతయందు కొంత మెరుగయ్యెను. వేగమందు మాత్రము తగ్గెను. 2012లో ప్రకటింపబడిన మరియొక పరీక్షలో సగటున 75 ఏండ్ల వయస్సు గల 28 మందికి ఆకుపొడిని వేర్వేరు మోతాదులలో ఇచ్చిరి. 750 మిల్లీగ్రాములు పుచ్చుకొన్నప్పుడు జ్ఞాపకపు వేగము కొంత హెచ్చెను. 6,000 మిల్లీగ్రాములు పుచ్చుకొన్నప్పుడు అది తగ్గిపోయెను. వంటలో వాడునంత కొలత మేలుచేసినది, దానికి ఎనిమిదింతలైన కొలత కీడుచేసినది. ఎక్కువ ఇచ్చినచో ఎక్కువ మేలని తలచువారు ఈ అంకెలను గుర్తుంచుకొనవలెను. పైగా ఈ రెండు పరీక్షలును పెద్దవారిపై జరిగినవి. బడిపిల్లలకు ఇవి ప్రమాణములు కావు.

పరీక్షల కాలమున పిల్లల జ్ఞాపకమునకు మేలుచేయునవి వేరే కలవు. రాత్రి నిండుగ నిద్ర, ఉదయము ఆహారము, చదివిన దానిని పుస్తకము మూసి తిరిగి వ్రాసికొనుట – ఇవి డబ్బుతో కొనవలసినవి కావు.

ఆకు వేరు, తైలము వేరు

ఈ వ్యాసమున ముఖ్యమైన మాట ఇదియే. 100 గ్రాముల ఎండుటాకునుండి వచ్చు తైలము సుమారు 1 లేక 2 గ్రాములు మాత్రమే. ఒక టీ చెంచా తైలము సుమారు నాలుగున్నర గ్రాములు తూగును. అంత తైలము తీయుటకు ఎంత తక్కువ లెక్కించినను 225 గ్రాముల ఆకు కావలెను. కప్పుకు 2 గ్రాముల ఆకు చొప్పున లెక్కించిన, ఆ చెంచాడు తైలము నూరు కప్పుల కషాయమునకు మించినది. మీ పిల్లలచేత ఈ లెక్క చేయించి చూడుడు. పాలలో చుక్కలు వేసి యిచ్చుట ఎంత ప్రమాదమో వారే మీకు చెప్పగలరు.

తైలమందలి కర్పూరము, సినియోలు చిన్నపిల్లలు మ్రింగినచో మూర్ఛలు వచ్చును. కావున ఈ క్రింది జాగ్రత్తలు పాటింప కోరుచున్నాము:

1. తైలమును ఏ వయస్సువారును లోపలికి పుచ్చుకొనరాదు.

2. చంటిబిడ్డల ముక్కువద్ద, ముఖముపై, రొమ్ముపై రాయరాదు. ఊపిరికి అడ్డు కలుగవచ్చును.

3. మూర్ఛవ్యాధి గలవారు తైలమును వాడరాదు. గర్భిణులు ఆకును వంటకు మించి వాడరాదు. పిత్తాశయమున రాళ్లు గలవారు, కాలేయ వ్యాధి గలవారు, రోజూ మందులు వాడువారు వైద్యుని యడుగవలెను.

4. భోజనముతోబాటు ఈ కషాయము త్రాగరాదు. రోజ్‌మేరీ సారము ఆహారమందలి ఇనుము ఒంటబట్టుటను తగ్గించునని 2001లో ప్రకటింపబడిన పరీక్షవలన తెలిసినది. రక్తహీనత గల బాలికల తల్లులు దీనిని గమనింతురు గాక.

5. పిల్లవాడు తైలము మ్రింగినచో వాంతి చేయించు ప్రయత్నము చేయక, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

సీసామీది వ్రాత సాధారణముగా ఆంగ్లమున, చిన్న అక్షరములతో ఉండును. కొన్నిటిమీద ఈ రాష్ట్రభాష ఉండును, తెలుగు అరుదు. మన పిల్లలు మూడు భాషలు చదువుచున్నారు. 'బాహ్య ప్రయోగమునకు మాత్రమే' అను నొక్క పంక్తిని బిడ్డ చదివి తల్లికి తెలుగున చెప్పగలిగినచో, ఆ మూడు భాషల చదువు ఆ యింటికి రక్షణ యగును. మందు సీసా యింటికి వచ్చిన దినమున దానిని బిడ్డచేత బిగ్గరగా చదివించి, అర్థము చెప్పించుకొనుడు.

పెంపకము

తమిళనాడులోని నీలగిరులలో రోజ్‌మేరీని పంటగా సాగుచేయుచున్నారు. మైదానములలో ఎండకు తాళును గాని, వేళ్లకు నీరు నిలిచినచో కుళ్లును. నాలుగైదు అంగుళముల కొమ్మను త్రుంచి, క్రింది ఆకులు దూసివేసి, ఇసుక కలిపిన మట్టితో నిండిన కుండీలో నాటవలెను. ఎండ తగులుచోట ఉంచి, మట్టి పైభాగము ఆరిన తరువాతనే నీరు పోయవలెను. వానకాలమున చూరుక్రింద ఉంచుట మంచిది.

ఇంటిలో ఒక కుండీ యుండుట మంచిదే. దాని ఆకును వంటకు వాడుడు, వాసనను ఆనందింపుడు, తులసి ప్రక్కన నుంచి రెంటి పోలికలను పిల్లలకు చూపుడు. తైలపు సీసాను మాత్రము పిల్లల చేతికందని యెత్తున, మూత బిగించి యుంచుడని తల్లిదండ్రులను ప్రార్థించుచున్నాము.