జీపులోని నీరు ఎక్కడికి పోయినది?

రైలుబండిలో వచ్చి కామారెడ్డి స్టేషనులో దిగినవారు ఎల్లారెడ్డికి పోవలెనన్న లింగంపేట మీదుగా సుమారు 40 కిలోమీటర్లు రోడ్డుమీద ప్రయాణము చేయవలెను. ఎల్లారెడ్డికి చేరువనే మంజీరానదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరము కలదు. ఈ సీమలో వరి, చెరకు, మొక్కజొన్న పండును. ఒకప్పుడు ఈ పంటలను ఎడ్లబండ్లే మోసెడివి. 1932 జూన్ నెలలో నైజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను ఒక రోడ్డు రవాణాశాఖను ప్రారంభించిరి. నేడు తెలంగాణలో తిరుగుచున్న ప్రభుత్వ బస్సులకు అదియే మూలము. ఆ తరువాత లారీలు, జీపులు, ట్రాక్టర్లు పల్లెపల్లెకును వచ్చినవి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడి, ఎల్లారెడ్డి అందులో ఒక రెవెన్యూ డివిజనుగా నున్నది.

నాటి బస్సునకును నేటి జీపునకును సామాన్యమైన చిక్కు ఒకటి కలదు. అది వేడి. పెట్రోలు మండగా పుట్టిన శక్తిలో చక్రములను త్రిప్పుటకు ఉపయోగపడునది పాత ఇంజనులలో ఇంచుమించు నాల్గవ వంతు మాత్రమే. తక్కినదంతయు వేడియై పోవును. సిలిండరులో మండెడి వాయువుల వేడి 2000 డిగ్రీలను మించును. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును గదా! ఇంజను కరిగిపోకుండ కాపాడునది దాని గోడలచుట్టును ప్రవహించు నీరే. పంపు ఆ నీటిని త్రిప్పును. నీరు ఇంజనులోని వేడిని గ్రహించి రేడియేటరులోనికి పోవును. అచ్చట సన్నని గొట్టములగుండ దిగుచు, ఫ్యాను గాలికి చల్లారి, మరల ఇంజనులోనికి వచ్చును.

రేడియేటరు మూత కేవలము మూత కాదు. దానిలోని స్ప్రింగు లోపలి ఒత్తిడిని కొంతవరకు నిలిపియుంచును. మామూలుగా నీరు 100 డిగ్రీల వద్ద మరుగును. దానిపై మరియొక వాతావరణ పీడనము తోడైనచో సుమారు 120 డిగ్రీల వరకు మరుగదు. పాత బండ్ల మూతలు ఇంతకంటె తక్కువ ఒత్తిడినే నిలుపును. ఈ విషయమును జ్ఞాపకమందుంచుకొనుడు. మన కథలోని చిక్కు విడుటకు ఇదియే ఆధారము.

ఇప్పుడొక దృష్టాంతమును ఊహించుకొందము. ఎల్లారెడ్డి దాపున ఒక పల్లెలో ఒక రైతునకు పాత జీపు కలదు. తన పంటను, ఇరుగుపొరుగువారి బెల్లమును కామారెడ్డి బజారునకు చేర్చి, ఆ బాడుగతో ఆయన సంసారము నడుపుకొనుచున్నాడు. కొన్నాళ్లుగా ఆ జీపులో ఒక వింత కనబడినది. ప్రతి దినము ఉదయము రేడియేటరును నిండుగా నింపినను, కామారెడ్డికి పోయివచ్చునప్పటికి లీటరు నీరు తగ్గుచున్నది. బండి నిలిపిన చోట నేలపై తడి మాత్రము లేదు. నీరు చాలక ఇంజను ఒక్కసారి మితిమీరి కాగినచో, దానిని బాగుచేయించు వ్యయము బండి విలువనే మించును. అందుచే రైతునకు దిగులు పట్టుకొనినది. తుదకు ఎల్లారెడ్డిలోని ఒక వృద్ధ మెకానిక్కు షెడ్డునకు బండిని తోలుకొనిపోయెను.

“ఉస్తాదూ! హోసు పైపులు రెండును మార్పించితిని. రేడియేటరుకు అతుకులు వేయించితిని. అయినను నీరు నిలుచుట లేదు. ఇక హెడ్డు విప్పవలసినదే యని ఒకరు చెప్పిరి. అంత డబ్బు నావద్ద లేదు. బండి నమ్ముకొనుట మేలేమో!” అని రైతు వాపోయెను.

“పటేలా! తొందరపడకుడు. నీరు ఊరక మాయము కాదు. అది పోవుటకు రెండే దారులున్నవి. ఒకటి ఇంజను లోపలికి, రెండవది వెలుపలికి. ఏ దారిని పోవుచున్నదో తెలిసిన తరువాతనే పానా పట్టుదము” అని మెకానిక్కు పలికెను.

మొదట అతడు లోపలి దారిని పరీక్షించెను. ఇంజనునకును దాని హెడ్డునకును నడుమ గాస్కెట్టు అను పలుచని రేకు ఉండును. అది చెడినచో నీరు సిలిండరులోనికో, ఆయిలులోనికో చొరబడును. ఆయిలు చూచు కడ్డీని పైకి తీసెను. నీరు కలిసిన ఆయిలు పాలు పోసిన కాఫీవలె మారును. ఇచ్చట ఆయిలు స్వచ్ఛముగనే యుండెను. ప్లగ్గులు విప్పి చూచెను. నీరు చేరిన సిలిండరులోని ప్లగ్గు కడిగినట్లు తెల్లగా నుండును. ఇచ్చట నాలుగును ఒకే రంగుతో నుండెను. ఇంజను వేడెక్కిన పిదప సైలెన్సరునుండి తెల్లని పొగ వచ్చుట లేదు. మరునాటి ఉదయము, ఇంజను చల్లగా నున్నప్పుడు, మూత తీసి బండిని నడపి చూచెను. రేడియేటరులో బుడగలు లేవవు. నాలుగు పరీక్షలును ఒకే మాట చెప్పినవి. అయినను అతడు, “లోపల దోషము లేదని తోచుచున్నది. వెలుపలి దారి కూడ చూచిన పిమ్మటనే నిశ్చయింతము” అనెను.

పిదప అతడు ఇంజనును కడిగి, ఆరబెట్టి, బండి క్రింద కాగితములు పరపించెను. రేడియేటరు మూతను పరీక్షింపగా అది తన ఒత్తిడిని నిలుపుచునే యున్నది. వాటరు పంపు అడుగున చిన్న రంధ్రము ఒకటి ఉండును. పంపులోని సీలు అరిగినచో నీరు ఆ రంధ్రమునుండి కారి యజమానిని హెచ్చరించును. అది పొడిగా నుండెను. తరువాత అతడు మూతకు బదులుగా గడియారము గల చేతిపంపును బిగించి, మూతపై ముద్రించిన ఒత్తిడిని దాటకుండ గాలి యెక్కించెను. అరగంటలో గడియారపు ముల్లు నాల్గవ వంతు దిగినది. కాని క్రింది కాగితములపై చుక్క లేదు!

షెడ్డులో పని నేర్చుకొనుచున్న బాలుడు ఆశ్చర్యపడి, “ముల్లు దిగినది, నీరు పడలేదు. ఇదెట్లు సాధ్యము?” అని అడిగెను. “నీరు పుట్టిన చోటనే పడవలెనను నియమమేమున్నది? కారుటకు ముందు అది ఎచ్చటనో ఆగుచుండవచ్చును. మన కంటి కానని చోటు ఏదో వెదకుము” అని గురువు బదులు చెప్పెను.

బాలుడు చిన్న అద్దమును, టార్చిలైటును తీసికొని ఇంజను ప్రక్కకు వంగెను. పొగ పోవు గొట్టము వెనుక, బ్రష్షు అందని మూలలో, జిడ్డును మట్టియు కలిసి గడ్డకట్టియుండెను. దానిని చువ్వతో గీకగా లోన తడి కనబడినది. ఆ మట్టి నడుమ తుప్పురంగు చారలు, తెల్లని సున్నపు పొరలు ఉండెను. దాని వెనుక రూపాయి బిళ్ళవలె గుండ్రని రేకుమూత ఒకటి కలదు. దాని అంచున సూదిమొనయంత రంధ్రము!

ఈ రేకుమూతను కోర్ ప్లగ్గు అందురు. ఇంజనును పోతపోయునప్పుడు నీటిదారులు ఏర్పడుటకై అచ్చులో ఇసుక దిమ్మెలను ఉంచుదురు. పోత చల్లారిన పిదప ఆ ఇసుకను వెలికిదీయు రంధ్రములను ఈ బిళ్ళలతో మూయుదురు. రైతు ఏండ్ల తరబడి వట్టి బావినీరే పోసెను. ఆ కఠిన జలము లోపల సున్నపు పొరలు కట్టించి, తుప్పును పెంచి, బిళ్ళను తినివేసినది.

చిక్కు విడిపోయినది. బండి నడచునప్పుడే ఇంజను వేడెక్కి ఒత్తిడి పెరుగును. అప్పుడే నీరు ఆ రంధ్రమునుండి చిమ్ముచుండెను. ప్రక్కనున్న పొగగొట్టపు వేడికి అది తక్షణమే ఆవిరియై, ఫ్యాను గాలికి ఎగిరిపోవుచుండెను. ఇల్లు చేరి ఇంజను చల్లారినంతనే ఒత్తిడి తగ్గి కారుట నిలిచిపోవుచుండెను. కనుకనే నేలపై తడి లేదు. షెడ్డులో చల్లని ఇంజనుకు ఒత్తిడి యెక్కించినప్పుడు కారిన కొద్దిపాటి నీరు ఆ జిడ్డుమట్టిలో ఇంకిపోయినది.

మెకానిక్కు ఆ బిళ్ళను తొలగించి క్రొత్తది బిగించెను. ఒకటి తుప్పుపట్టినచో తక్కినవియు అట్లే యుండునని తలచి, వానిని కూడ మార్చెను. నీటిదారులను కడిగి, తుప్పును అడ్డగించు కూలెంటును శుద్ధమైన నీటితో కలిపి పోసెను. మరల గాలి యెక్కింపగా అరగంటవరకు ముల్లు కదలలేదు. బండి కామారెడ్డికి పోయివచ్చి చల్లారిన పిదప మూత తీసి చూడగా నీరు నిండుగనే యున్నది. ఆ బిళ్ళల ఖరీదు, అంతకుముందు వ్యర్థముగా చేయించిన పనుల ఖరీదులో చిన్న భాగమే. రైతునకు జీపును అమ్మవలసిన పని లేకపోయినది.

విద్యార్థులారా! రైతు మొదట చేయించిన పనులు ఊహపై ఆధారపడినవి. మెకానిక్కు చేసిన ప్రతి పనియు ఒక ప్రశ్నకు జవాబు రాబట్టినది. ఒక్కొక్క దారిని కాదని తేల్చుచు పోగా, మిగిలిన దారియే నిజమైన దారి యయ్యెను. వైద్యుడు రోగమును కనుగొనుటయు, శాస్త్రజ్ఞుడు సత్యమును వెదకుటయు ఇట్లే.

మరి రెండు జాగ్రత్తలను మరువకుడు. వేడిగా నున్న రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు. ఒత్తిడి తొలగినంతనే నీరు భగ్గున మరిగి ముఖముపైకి చిమ్మును. కూలెంటులలో సాధారణముగా వాడు ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా నుండును గాని, అది ప్రాణము తీయు విషము. నేలపై ఒలికినచో వెంటనే కడిగివేయవలెను. పసిపిల్లలకును, పశువులకును, కుక్కలకును అందకుండ దానిని భద్రపరుపవలెను.