కిరారి కొయ్య స్తంభము - కంప్యూటరు చూపు

రాయ్‌పూర్ నగరమందలి మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియం 1875లో స్థాపితమైనది. సిర్పూరు కంచు విగ్రహాలకై వచ్చు సందర్శకులు అచ్చటి పాత కొయ్య స్తంభం ముందు అంతగా ఆగరు. పురావస్తువులను గుర్తించుటలో కంప్యూటరు ఎంతవరకు తోడ్పడగలదో తెలియగోరు విద్యార్థి మాత్రం ముందుగా దానినే చూడవలెను.

1921లో పూర్వపు బిలాస్‌పూర్ జిల్లా కిరారి గ్రామంలో చెరువు ఎండగా, బ్రాహ్మీ లిపిలో శాసనం చెక్కిన ఈ స్తంభం బయటపడినది. శతాబ్దాలు నీట నానిన కొయ్య ఎండ తగలగానే పెచ్చులూడసాగినది. పెచ్చులతోబాటు అక్షరాలూ రాలిపోయినవి. స్థానిక పురోహితుడైన పండిత లక్ష్మీప్రసాద్ ఉపాధ్యాయ ఆ లిపిని చదువనెరుగడు. అయినను కంటికి కనిపించిన ఆకారాలను కనిపించినట్లే కాగితంపై దించుకొనెను. తరువాత డాక్టర్ హీరానంద శాస్త్రి శాసనాన్ని పఠించుటకు ఆ కాగితమే ముఖ్యాధారమైనది. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందినదిగా భావింపబడు ఈ ప్రాకృత శాసనంలో సేనాపతి, ప్రతీహారి, నగరరక్షకుడు, భాండాగారికుడు మొదలగు ఉద్యోగుల ప్రస్తావన కలదు. ఆనాటి పాలనా యంత్రాంగం గురించి ఇంతటి సాక్ష్యం దక్కినది ఆ పురోహితుని ఓపిక వలననే.

అర్థమెరుగకయే ఆకారాన్ని పట్టుకొనుట: కంప్యూటరు చేయునదియు ఇదియే. దానికి ఫోటో అనగా అంకెల పట్టిక. ఒక్కొక్క చుక్కలోని వెలుగుకు ఒక్కొక్క అంకె. నిపుణులు పేర్లు వ్రాసి ఇచ్చిన వేలకొలది ఫోటోలను చూపినచో, అది తొలుత అంచులను, మలుపులను, పిదప వాటి కూర్పులను పోల్చుకొనుట నేర్చును. జవాబు తప్పినప్పుడెల్ల తన లోపలి లెక్కలను కొద్దికొద్దిగా సవరించుకొనును. దీనినే మెషీన్ లెర్నింగ్ అందురు. 2016-2019 మధ్య ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయం సారథ్యంలో సాగిన ఆర్క్‌ఎయిడ్ పథకం, సెల్‌ఫోను ఫోటోను బట్టి కుండపెంకు ఏ రకానిదో సూచించు విధానాన్ని రూపొందించినది. తవ్వకాలలో పెంకులు బుట్టలకొలది దొరకును గనుక, ఈ సాయం స్వల్పమైనది కాదు.

అయితే నేర్పని రకం ఎదురైనచో యంత్రం తరచు తనకు తెలిసిన పేర్లలో ఒకదానినే దానికి అంటగట్టును. సిర్పూరులో శైవ, వైష్ణవ, బౌద్ధ, జైన అవశేషాలన్నియు లభించినవి. పద్మాసనంలోని బుద్ధునికి, తీర్థంకరునికి గల భేదం ఒక్కొక్కప్పుడు భుజంపై వస్త్రపు అంచులోనో, రొమ్ముపై శ్రీవత్స చిహ్నంలోనో మాత్రమే తెలియును. అది అరిగిపోయినచో నిపుణుడు విగ్రహం విహారంలో దొరకినదా, ఆలయంలోనా, ఏ పొరలో, ఎంత లోతున అని విచారించును. విగ్రహపు ఫోటోలో ఆ సమాధానం ఉండదు. కనుక దొరకిన చోటి వివరాలు ఫోటోతోబాటే నమోదు కావలెను.

కిరారి ప్రతిలో సందేహం కలిగిన చోట సరిచూచుకొనుటకు కొయ్యపై చాలవరకు అక్షరాలే మిగులలేదు. నేడు అట్టి కొయ్య బయటపడినచో తడి ఆరకుండ కాపాడుచు, ప్రక్కలనుండి వెలుగు ప్రసరింపజేసి, అన్ని వైపుల నుండి ఫోటోలు తీయుట ప్రథమ కర్తవ్యం. యంత్రం చెప్పిన పేరును ఆ ఫోటోలకు జతపరచవచ్చును గాని, వాటికి బదులుగా భద్రపరచరాదు.