నీళ్లు చూసి రీలు కొనండి

గాలం వేటలోకి కొత్తగా దిగే కుర్రాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "బాబాయ్, స్పిన్నింగ్ రీలు కొనమంటారా, బెయిట్‌కాస్టింగ్ కొనమంటారా?" నేను తిరిగి ఒకటే అడుగుతాను: "ఎక్కడ వేస్తావు నాయనా?" ఋషికొండ ఇసుక మీదా, యారాడ రాళ్ల దగ్గరా, భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోటా, ఊరి చెరువు గట్టు మీదా? ఇది తేలితే సగం బేరం కుదిరినట్టే. ఉక్కునగరంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ, రిటైరయ్యాకా ఈ విశాఖ తీరంలో గాలం వేస్తూ నేర్చుకున్నవి వరసగా రాస్తున్నాను. కొనబోయేవాళ్లకి అక్కరకొస్తే చాలు.

1. నీటితో మొదలుపెట్టండి, రీలుతో ముగించండి

ముందు నీళ్లు. ఆ నీళ్లలో ఉండే చేప. ఆ చేప తినే ఎర, దాని బరువు. ఆ బరువుని విసరగల రాడ్. ఆ రాడ్‌కి తగిన లైన్. అన్నిటికన్నా చివర రీలు. చాలామంది ఈ వరసని తిరగేస్తారు. మెరిసే రీలు ఒకటి కొనేసి, దానికి రాడ్ వెతుక్కుని, ఆ రెంటికీ సరిపడే నీళ్ల కోసం ఊరంతా తిరుగుతారు. ఎంత డబ్బు పెట్టినా ఆ జోడీ చేతికి అలవాటు కాదు.

2. రెండు రీళ్లూ ఎలా పనిచేస్తాయో తెలుసుకోండి

స్పిన్నింగ్ రీలు రాడ్ కింద వేలాడుతుంది. విసిరేటప్పుడు లైన్ చుట్టి ఉండే దాని స్పూలు కదలదు. మిల్లులో నూలు కండె కొస నుంచి దారం జారినట్టు లైన్ చుట్లు చుట్లుగా జారిపోతుంది. ఈ పద్ధతికి 1905లో ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ పేటెంట్ తీసుకున్నాడు.

బెయిట్‌కాస్టింగ్ రీలు రాడ్ పైన కూర్చుంటుంది. విసిరినప్పుడు ఎర లాగుతుంటే స్పూలే గిర్రున తిరుగుతుంది. ఈ జాతి రీళ్లకి మూలపురుషుడిగా 19వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలోని కెంటకీలో ఉన్న జార్జ్ స్నైడర్‌ని చెప్తారు. ఆయన గడియారాల పనివాడు. ఆ రీలు ఈనాటికీ గడియారమంత సున్నితం. ఎర వేగం తగ్గినా స్పూలు వేగం తగ్గకపోతే వదులైన లైన్ స్పూలు మీదే చిక్కుపడిపోతుంది.

3. మన తీరంలో మొదటి రీలు స్పిన్నింగే కావాలి

ఇందులో నాకు రెండో మాట లేదు. వేసవి మధ్యాహ్నం ఋషికొండ ఒడ్డున నిలబడితే సముద్రపు గాలి ఎదురుగా ముఖానికి కొడుతుంది. ఆ గాలి తేలికైన ఎరని మధ్యలోనే ఆపేస్తుంది. బెయిట్‌కాస్టర్ స్పూలు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నేర్చుకునేవాడికి ఆ పూటంతా చిక్కులు తియ్యడంతోనే సరిపోతుంది. స్పిన్నింగ్ రీలుకి ఈ బాధ లేదు. పది గ్రాముల లూరూ (బొమ్మ ఎర) వెళ్తుంది, బరువైన సీసం గుండూ వెళ్తుంది.

భీమిలి మొగ దగ్గర పండుగప్ప కోసమైతే ఎనిమిది అడుగుల లోపు మీడియం హెవీ రాడ్, 4000 సైజు రీలు తీసుకోండి. కెరటాలు విరిగే చోటు దాటించి సీసం గుండుతో ఎర వెయ్యాలంటే పది అడుగుల రాడ్, 5000 లేదా ఆపై సైజు రీలు కావాలి. పొడవైన రాడ్ ఎరని దూరం పంపడమే కాదు, లైన్‌ని దగ్గరి కెరటాల పైకి ఎత్తి పట్టుకుంటుంది.

4. బెయిట్‌కాస్టర్ చోటు చెరువు

గుర్రపుడెక్క, తామరాకులు పరుచుకున్న చెరువులో కొరమీను ఉంటే అక్కడ బెయిట్‌కాస్టర్‌ని మించింది లేదు. దూరం అక్కర్లేదు, గురి కావాలి. ఆకుల మధ్య పళ్లెమంత ఖాళీలో కప్ప లూరు పడాలి. స్పూలు మీద బొటనవేలు ఆనించి ఎరని అనుకున్న చోట ఆపడం ఈ రీలుతోనే బాగా కుదురుతుంది. కొరమీను అందుకున్న మరుక్షణం నాచులోకి దూరుతుంది. దాన్ని బలంగా ఎత్తి లాగడానికి ఏడడుగుల లోపు హెవీ రాడ్, లావు బ్రెయిడ్ (అల్లిన లైన్) కావాలి.

కొత్త బెయిట్‌కాస్టర్‌ని ఇంట్లోనే సరిచేసుకోండి. వాడబోయే ఎర కట్టి రాడ్‌ని అడ్డంగా పట్టుకోండి. బటన్ నొక్కి స్పూలు వదలండి. హ్యాండిల్ పక్కనున్న చిన్న నాబ్‌ని తిప్పుతూ, ఎర మెల్లగా నేలకి దిగి, నేల తాకగానే స్పూలు ఆగేలా బిగించండి. ఎర మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చెయ్యాలి. రెండో పక్కనుండే బ్రేకుని మొదట్లో ఎక్కువలో ఉంచి, బొటనవేలికి పట్టు చిక్కేకొద్దీ తగ్గించుకోండి.

5. రాడ్ మీద రాసింది చదవండి

పిడి పైభాగాన సన్నటి అక్షరాలుంటాయి: ఎన్ని గ్రాముల ఎర, ఎన్ని పౌండ్ల లైన్. కొనేముందు చదవాల్సింది ధర చీటీ కన్నా ముందు ఇదే. 15 నుంచి 40 గ్రాములని ఉన్న రాడ్‌తో ఐదు గ్రాముల ఎర విసిరితే రాడ్ వంగదు, ఎర వెళ్లదు. పవర్ అంటే రాడ్ ఎంత బరువుకి వంగుతుందో, యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందో చెప్పే మాట. ఫాస్ట్ అయితే కొస దగ్గరే వంగుతుంది, గాలం చేప నోట్లో త్వరగా నాటుకుంటుంది.

ఒక రకం రాడ్‌కి ఇంకో రకం రీలు బిగించకండి. స్పిన్నింగ్ రాడ్‌కి రింగులు కిందివైపు ఉంటాయి, రీలు దగ్గరి రింగు పెద్దది. చుట్లుగా వచ్చే లైన్‌ని అది కుదురు చేస్తుంది. బెయిట్‌కాస్టింగ్ రాడ్‌కి రింగులు పైవైపు, చిన్నవి. పిడి కింద వేలు తగిలించుకునే కొక్కెం లాంటిది ఉంటుంది.

వాడిన రాడ్ కొంటుంటే జేబులో కాస్త దూది పెట్టుకెళ్లండి. ఒక్కో రింగు లోపల దూదిని తిప్పండి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ రింగు పగిలిందన్న మాట. కంటికి కనపడని ఆ పగులే చేప లాగుతున్నప్పుడు లైన్‌ని కోసేస్తుంది.

6. బేరింగులు లెక్కపెట్టి మోసపోకండి

పెట్టె మీద పది బేరింగులని ఉన్నంత మాత్రాన రీలు గొప్పదైపోదు. నాసిరకం పది కన్నా ఉప్పునీరు చొరబడకుండా కప్పిన మంచి నాలుగు మేలు. గేర్ అంకె 5.2:1 అంటే హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే స్పిన్నింగ్‌లో లైన్ చుట్టే రోటర్, బెయిట్‌కాస్టర్‌లో స్పూలు ఐదు చుట్లకి పైగా తిరుగుతాయి. అంకె పెరిగితే వేగం పెరుగుతుంది, బరువు లాగే సత్తువ తగ్గుతుంది. మొదటి రీలుకి ఐదు, ఆరు మధ్య సరిపోతుంది.

7. ఇసుకకి తంగూసు, రాళ్లకి జోడు లైన్

తంగూసు సాగుతుంది. చేప ఒక్కసారి గుంజినా ఆ సాగుడు దెబ్బని ఓర్చుకుంటుంది. బ్రెయిడ్ సాగదు, అంతే బలానికి చాలా సన్నం, అందుకే దూరం వెళ్తుంది. అయితే యారాడ రాళ్లని పట్టుకున్న గుల్లలకి ఒరుసుకుందా, బ్రెయిడ్ తెగినట్టే. బ్రెయిడ్ చివర రెండు బారల లావు తంగూసు ముడివెయ్యండి. ముడిని తడిపి బిగించండి. స్పూలు మీద మొదటి వరస కూడా తంగూసే చుట్టండి, లేకపోతే నున్నటి స్పూలు మీద బ్రెయిడ్ మొత్తం జారి తిరుగుతుంది.

8. డ్రాగ్‌ని కాటాతో చూడండి

డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు లైన్‌ని కొద్దికొద్దిగా వదిలే బ్రేకు. లైన్ తెగే బరువులో పావు నుంచి మూడో వంతుకి దాన్ని పెట్టాలి. 20 పౌండ్ల లైన్ దాదాపు తొమ్మిది కిలోలకి తెగుతుంది. లైన్ కొసకి చేతి కాటా తగిలించి లాగండి. రెండున్నర, మూడు కిలోల దగ్గర డ్రాగ్ వదలాలి. చేప లైన్ లాక్కుపోతున్నంతసేపూ స్పిన్నింగ్ రీలు హ్యాండిల్ తిప్పకండి, లైన్ మెలి తిరిగిపోతుంది.

9. ఉప్పుని ఇంటికి తేకండి

మన ఉక్కు కర్మాగారం దేశంలోనే సముద్రం ఒడ్డున కట్టిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం. ఉప్పుగాలి లోహాన్ని ఏం చేస్తుందో అక్కడ పనిచేసినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. వేట నుంచి రాగానే డ్రాగ్ పూర్తిగా బిగించి రీలు మీద మంచినీళ్లు మెల్లగా పొయ్యండి. కుళాయి జోరుగా తిప్పితే ఉప్పు గేర్లలోకి పోతుంది. తుడిచి నీడలో ఆరబెట్టి, తర్వాత డ్రాగ్ వదులు చెయ్యండి. రాడ్ రింగులనీ, రీలు కూర్చునే చోటునీ మర్చిపోకండి.

10. రీలుతో పాటు మర్యాదా నేర్చుకోండి

ఋషికొండ, యారాడల్లో ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, లోపలికి లాగే ప్రవాహాలూ ఉంటాయి. తడి రాయి మీద ఒంటరిగా నిలబడకండి. హార్బర్, నేవీ ప్రాంతాల జోలికి పోకండి. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ నగరానికి తాగునీరిచ్చే జలాశయాలు, అనుమతి లేకుండా అక్కడ గాలం తియ్యకండి. ఊరి చెరువులో చేప మత్స్యకార సంఘానిది కావచ్చు, వాళ్లని అడగండి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు ఒడ్డునే ఉంటాయి, చేపలు గుడ్లు పెట్టుకోవాలని. బతుకుతెరువు మానుకుని మత్స్యకారులు ఆగుతుంటే సరదాకి వేసే మనం ఆ రోజుల్లో పట్టినది వదిలెయ్యలేమా? పండుగప్ప మగదిగా పెరిగి, పెద్దదయ్యాక ఆడదవుతుంది. బాగా పెద్దది పడితే అది గుడ్లు పెట్టే తల్లి, నీళ్లలోకి పంపండి. కొరమీను తన ఎర్రటి పిల్లల గుంపుని కాపు కాస్తుంది. ఆ గుంపు మీదకి కప్ప లూరు విసరకండి. తల్లీతండ్రీ పోతే పిల్లలన్నీ వేరే చేపలకి మేతే.

ఇక దుకాణానికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద మూడు ముక్కలు రాసుకోండి: ఏ నీళ్లు, ఏ చేప, ఎన్ని గ్రాముల ఎర. ముందు దానికి తగ్గ రాడ్ తియ్యమనండి. రీలు బిగించి, రీలుకి కాస్త ముందు చూపుడువేలు ఆనించి రాడ్‌ని నిలిపి చూడండి. ముందుకో వెనక్కో వాలిపోకుండా నిలిచిన జోడీకి డబ్బివ్వండి. వాలిపోయినదాన్ని ఎంత పేరున్నదైనా అక్కడే వదిలెయ్యండి.